కంట్రోలరుకు చెప్పని మాట

షాపు పై గది,
సోమవారం మధ్యాహ్నం

వదినకు,

ఎప్పుడూ ప్రభువు పేరు రాసి ఉత్తరం మొదలుపెట్టేదాన్ని. ఈసారి చెయ్యి రాలేదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేను ఏడుస్తాను, అసలు సంగతి గొంతులోనే ఉండిపోతుంది. కాగితం మీదైతే కనీసం తిట్టుకోవచ్చు.

కంట్రోలరు వచ్చాడు. బస్ డిపోలో అన్నయ్య మీద పెత్తనం చేసినవాడే. విచారణలో కూర్చుని "డ్రైవరు తాగి ఉన్నాడండీ" అని చెప్పినవాడే. వాడు పొద్దున మా చెవి మిషన్ల షాపు మెట్లెక్కి వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, "చెవులు పూర్తిగా పోయాయమ్మా, ఏదైనా మిషన్ చూడు" అన్నాడు.

మొహం చూసి గుర్తుపట్టలేదు. చిక్కిపోయాడు, మీసం తీసేశాడు. గొంతు సవరించుకున్నాడు చూడు, అప్పుడు తెలిసింది. ఆ విచారణ రోజు నేను హాస్టల్ నుంచి వచ్చి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. వాడు ఇలాగే గొంతు సవరించుకున్నాడు, తర్వాత ఆ అబద్ధం చెప్పాడు. నాకు ఆ చప్పుడు ఇన్నేళ్లూ చెవిలో ఉంది. వాడికి మాత్రం నేనెవరో తెలియలేదు. అప్పుడు చిన్నపిల్లని కదా.

నా పని నీకు తెలిసిందే. మిషన్ చెవికి పెట్టాక నేను మనిషి వెనక్కి వెళ్లి నిలబడతాను. నా పెదాలు కనిపించకూడదు, చెవితోనే వినాలి. నేనొక వాక్యం చెప్తాను, వాళ్లు తిరిగి చెప్పాలి. తలుపు వెయ్యి, గొడుగు తీసుకో, బకెట్లో నీళ్లున్నాయి. ఇవి మా ఓనరు ఇచ్చిన వాక్యాలు. వీటన్నిటికంటే ముందు నేను నా మాట ఒకటి చెప్తాను. "దేవుడికి మీరంటే ఇష్టం." ఎన్నో ఏళ్లు చెవుడుగా ఉన్న మనిషి మొదట వినే మాట అదే అవ్వాలని నాకో పిచ్చి. ఆ పిచ్చి అంటించింది నువ్వే. కొందరు ఏడుస్తారు. కొందరు "ఏ దేవుడు?" అని అడుగుతారు, అప్పుడు కూర్చోబెట్టి చెప్తాను. రిటైరైన లెక్కల మాస్టారైతే "సరే, రెండో వాక్యం చెప్పు" అన్నారు. ఓనరుకి మన నమ్మకం లేదు. "వచ్చినవాళ్లు మిషన్ వెనక్కి తెచ్చివ్వనంత వరకు నువ్వేం చెప్పుకున్నా సరే" అంటాడు.

ఇవాళ షాపులో పరీక్షకి వాడే మిషన్ పెట్టి వాడి వెనక నిలబడ్డాను. నోరు తెరిచాను. "తలుపు వెయ్యి" అన్నాను.

వాడు "తలుపు వెయ్యి" అన్నాడు.

గొడుగు చెప్పాను, బకెట్ చెప్పాను. నా మాట చెప్పలేదు. మరిచిపోయి కాదు, వదినా. ఈ షాపుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. వీడికి చెప్పను. వీడు అది వినకుండానే పోవాలి. నరకం అనేది ఇలాంటి వాళ్ల కోసం కాకపోతే ఇంకెవరి కోసం?

చెవి అచ్చు తీసి పంపించాను. వచ్చే వారం సొంత మిషన్ పెట్టించుకోవడానికి వస్తాడు.

నీ మరదలు

---

యూనిఫారాలు కుట్టే హాలు,
గురువారం, భోజనాల వేళ

ఒసే మరదలా,

నీ ఉత్తరం కుట్టు మిషన్ మీద పెట్టుకుని చదివాను. సూది గుడ్డ మీద కాకుండా నా వేలి పక్క నుంచి పోయింది. పక్క మిషన్ ఆవిడ "ఏమైంది పాస్టరమ్మా, మొహం అలా వెలిగిపోతోంది" అంది. ఈ హాల్లో నా పేరు పాస్టరమ్మే కదా. "శుభవార్త" అని చెప్పాను. నేను రోజూ చెప్పే శుభవార్త అనుకుని పాపం తల దించేసుకుంది.

దొరికాడన్నమాట. నేను ఇన్నేళ్లుగా మోకాళ్ల మీద అడిగింది ఇదే. బయటికి పిల్లల కోసం ప్రార్థిస్తున్నానని చెప్పేదాన్ని. లోపల అడిగింది మాత్రం ఇదే, వాడు మన చేతికి చిక్కాలని.

నువ్వు చేసింది సరైన పని. చెప్పకు. నువ్వు బెంచీ మీద కూర్చుని విన్నది సగమే. మిగతాది మీ అన్న నాకు చెప్పాడు. ప్రమాదం జరిగిన పొద్దున ఆయన డిపోకి వెళ్లి "బ్రేకులు పట్టడం లేదు, ఈ బండి తియ్యను" అని వీడికి చెప్పాడు. "తియ్యకపోతే ఇంటికి పో" అన్నాడు వీడు. ఆయన బండి తీశాడు. మలుపు దగ్గర గోడకి కొట్టింది. జనం గాయపడ్డారు. ఇక విచారణలో బ్రేకుల మాటే రాలేదు. డ్రైవరు తాగాడు, అంతే.

ఉద్యోగం పోయినందుకు కాదు నా కడుపుమంట. ఉద్యోగం లేకుండా కూడా బతుకుతారు. ఆయన ఆ డిపో క్యాంటీన్లో టీ తాగుతూ ఎంతమందికి ప్రభువు గురించి చెప్పాడు! గట్టిగా చెప్పేవాడు కాదు. పక్కన కూర్చుని, కష్టం అడిగి, తనకి తెలిసింది చెప్పేవాడు. వాళ్లలో కొందరు మన ఇంటి ప్రార్థనకి కూడా వచ్చారు. ఆ విచారణ తర్వాత క్యాంటీన్ అంతా ఒకటే నవ్వు. "భక్తుడు తాగాడట." ఒక్కడు కూడా మళ్లీ మన గుమ్మం తొక్కలేదు. చెప్పిన మాటలన్నీ ఆ ఒక్క అబద్ధంతో బూడిదయ్యాయి. ఆయన గుండె ఆగింది తర్వాత. మనిషి పోయింది మాత్రం ఆ నవ్వు దగ్గరే.

శత్రువుని ప్రేమించాలనే సంగతి నాకు గుర్తు చెయ్యకు. నాకు తెలుసు, ఎంతమందికో నేనే చెప్పాను. వాళ్ల శత్రువులు వేరు, నా శత్రువు వేరు.

వాడికి సొంత మిషన్ బాగా పెట్టు. పని చెడగొట్టావంటే నీకే చెడ్డపేరు. కానీ ఆ మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు.

వదిన

---

షాపు పై గది,
మంగళవారం

వదినా,

పని చెడగొట్టవద్దన్నావు కదా. చెడగొట్టలేదు. నా చేతి మీద ఇంత బాగా కుదిరిన మిషన్ ఇంకోటి లేదు. చెవి అచ్చు గీతంత కూడా తేడా లేకుండా కూర్చుంది. కీచుమనలేదు. గదిలో ఫ్యాన్ చప్పుడు తగ్గించి, మనుషుల గొంతు పైకి తీసుకొచ్చాను. గుసగుసలు కూడా పట్టేలా పెట్టాను. మళ్లీ తలుపు, గొడుగు, బకెట్. అన్నీ తప్పు లేకుండా తిరిగి చెప్పాడు. లేచి నాకు నమస్కారం పెట్టాడు. నేను నా చేతులు డ్రాయర్లో పెట్టుకుని ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

అసలు సంగతి విను. నాలుగు రోజులకి మళ్లీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏం, సరిగ్గా వినపడటం లేదా?" అన్నాను.

"బాగా వినపడుతోందమ్మా. అదే బాధ."

వాడింట్లో కొడుకు, కోడలు ఉంటారట. ఇన్నాళ్లూ చెవుడు కాబట్టి వాళ్లు ఎదురుగానే మాట్లాడుకునేవాళ్లు. వాడికి పెదాలు కదలడం కనిపించేది, తన మంచి గురించే అనుకునేవాడు. ఇప్పుడు వంటింట్లో మాట్లాడినా వినపడుతోంది. "ఈ ముసలాడు ఇంకా ఎన్నాళ్లు మనకి?" అని కోడలంటే కొడుకు నవ్వాడట. తను వదిలిన గ్లాసుని మనవరాలు వేళ్ల కొసలతో పట్టుకుని "ఛీ" అందట. అది కూడా వినపడింది.

నాకు నవ్వు వచ్చింది వదినా. నిజంగా వచ్చింది. వెనక్కి తిరిగి బ్యాటరీలు సర్దుతూ నవ్వుకున్నాను. డిపో క్యాంటీన్లో అన్నయ్యని చూసి నవ్విన నవ్వులు గుర్తొచ్చాయి. ఇప్పుడు నీ వంతు అనుకున్నాను. "కొంచెం చప్పుడు తగ్గించమ్మా" అని అడిగాడు. "తగ్గిస్తే అలవాటు పడరు. రోజంతా పెట్టుకునే ఉండాలి" అని చెప్పి పంపించాను. మామూలుగా అందరికీ చెప్పే సలహానే అది. వీడికి చెప్పినప్పుడు మాత్రం రుచి వేరేగా ఉంది.

దేవుడు మన చేత కత్తి పట్టించలేదు. చెవి మిషన్ పట్టించాడు.

నీ మరదలు

---

యూనిఫారాలు కుట్టే హాలు,
శనివారం

బంగారూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడక్కు. ఆ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగి మళ్లీ చదివాను. వేళ్ల కొసలతో పట్టుకుందా! ఆ పిల్లకి నూరేళ్లు ఆయుష్షు.

ఇంటికెళ్లి మీ అన్న ఫొటో ముందు నిలబడి మొత్తం చదివి వినిపించాను. కడుపు చల్లబడుతుందనుకున్నాను. కొంచెం చల్లబడింది. ఇంకా కావాలనిపించింది. ఆకలి మీద ఉన్నవాళ్లకి ఒక్క ముద్ద పెట్టి ఆపినట్టుంది. ఇంకేమేం విన్నాడో కనుక్కుని రాయి. కొడుకు ఏమంటున్నాడు? వీధిలో వాళ్లు ఏమంటున్నారు? ఒక్కటి కూడా వదలకు.

ఇక్కడ విశేషాలేం లేవు. కాలర్ల పని ఎక్కువగా ఉంది. పక్క మిషన్ ఆవిడకి భర్తతో గొడవలు, మొన్న భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని ఏడ్చింది. "ప్రార్థన చెయ్యి పాస్టరమ్మా" అంది. చేస్తానన్నాను. తర్వాత పని తొందరలో పడిపోయాను.

వాడు వచ్చాక వెంటనే రాయి.

వదిన

---

షాపు పై గది,
బుధవారం

వదినా,

నువ్వు అడిగినవి రాయడానికి కూర్చున్నాను. వేరే సంగతి రాయాల్సి వస్తోంది. కోప్పడకుండా చివరిదాకా చదువు.

నిన్న వచ్చాడు. కూర్చోలేదు. కౌంటరు పట్టుకుని నిలబడి అడిగాడు.

"అమ్మా, మా వీధిలో లెక్కల మాస్టారు ఉన్నారు. మిషన్ ఇక్కడే తీసుకున్నారు. మొదట పెట్టగానే నువ్వు ఆయనకి ఏదో మంచి మాట చెప్పావట కదా?"

"అందరికీ ఏవో వాక్యాలు చెప్తాం సార్, పరీక్ష కోసం" అన్నాను.

"అది కాదు. దేవుడి మాట. ఆయన దాన్ని రోజూ పొద్దున అద్దంలో చూసుకుంటూ తనకి తనే చెప్పుకుంటారట. నమ్మకం లేదంటూనే చెప్పుకుంటారట." గొంతు సవరించుకున్నాడు. "నాకు గొడుగు చెప్పావు, బకెట్ చెప్పావు. అది చెప్పలేదేంటమ్మా?"

ఏం చెప్పమంటావు? "మరిచిపోయాను" అన్నాను.

"పోనీ ఇప్పుడు చెప్పు. ఇంట్లో రోజంతా చెడ్డ మాటలే వింటున్నాను. ఒక్క మంచి మాట విని వెళ్తాను."

నేను వెనక నిలబడనవసరం లేకుండా, ఎదురుగా, నా మొహంలోకి చూస్తూ అడిగాడు. నేను చెప్పలేదు. ఓనరు పిలుస్తున్నాడని అబద్ధం చెప్పి కిందికి వెళ్లిపోయాను. మెట్ల మలుపులో నిలబడి వాడు వెళ్లిపోయేదాకా ఆగాను. గెలిచానని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

తర్వాత ఒక పెద్దావిడ వచ్చింది. మిషన్ పెట్టి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. "దేవుడికి మీరంటే ఇష్టం" అన్నాను. ఆవిడ సంతోషంగా తిరిగి చెప్పింది. నాకు మాత్రం నేను వస్తువు అమ్ముతున్నట్టనిపించింది. నాకు నచ్చిన వాళ్లకి ఇచ్చి, నచ్చని వాళ్లకి లేదని చెప్పడానికి అదేం నా సొంత సరుకా? ఆవిడకి చెప్పింది నిజమైతే వాడి విషయంలోనూ నిజమే కదా. వాడి విషయంలో అబద్ధమైతే ఆవిడకి నేను చెప్పిందేంటి?

నాకు వాడి మీద జాలి లేదు వదినా, ఒట్టు. వాడిని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ వాడు అడిగాడు. మనం ఎంతమంది వెంట పడి చెప్పాం, ఇలా నిలబడి అడిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఏం చెయ్యమంటావో రాయి. నాకు మొదట చెప్పినదానివి నువ్వు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ, నేను వింటున్నానో లేదో కూడా చూసుకోకుండా చెప్పుకుంటూ పోయావు. అందుకే నిన్నే అడుగుతున్నాను.

నీ మరదలు

---

ఇల్లు,
శుక్రవారం

నువ్వు ఆ మాట వాడికి చెప్తే నాకు మరదలివి కావు.

అడిగాడట! మీ అన్న కూడా అడిగాడు. "నిజం చెప్పండి సార్" అని ఆ డిపో గేటు దగ్గర ఎండలో నిలబడి ఎన్ని రోజులు అడిగాడో నీకు తెలుసా? వీడు స్కూటరు దిగకుండా పక్క నుంచి పోయేవాడు. అప్పుడు వీడికి చెవులు బాగానే ఉన్నాయి.

వంటింటి మాటలు నాకు తెచ్చి అప్పజెప్పకు. నేను చెప్పానని నామీదే తిప్పి కొడతావా? నీకు చెప్పినప్పుడు నాకు మొగుడున్నాడు.

వదిన

---

షాపు పై గది,
సోమవారం

వదినా,

తిట్టు, కానీ ఇది చదివాక తిట్టు. నేను ఆ మాట చెప్పలేదు. వేరే మాట చెప్పాను.

శనివారం మిషన్ శుభ్రం చేయించుకునే నెపం పెట్టుకుని వచ్చాడు. శుభ్రం చేసి పెట్టాను. మళ్లీ అడిగాడు. "నేనేం తప్పు చేశానమ్మా, నాకొక్కడికే చెప్పవు?" అన్నాడు.

ఆ "ఏం తప్పు చేశాను" దగ్గర నా నోరు ఆగలేదు.

"నేను బస్ డ్రైవరు చెల్లెల్ని. బ్రేకులు పట్టడం లేదని మీకు చెప్పిన డ్రైవరు చెల్లెల్ని" అన్నాను.

చెయ్యెత్తి కుడి చెవి మిషన్ తీశాడు, ఎడమది తీశాడు. రెండూ నా టేబులు మీద పక్కపక్కన పెట్టాడు. అవి చేతిలోంచి వదిలాక కీచుమని అరవడం మొదలుపెట్టాయి.

వినకూడదనుకున్నాడు. మళ్లీ తప్పించుకుంటున్నాడు. నాకు పిచ్చెక్కింది. లేచి నిలబడి మొత్తం చెప్పాను. క్యాంటీన్లో నవ్వు చెప్పాను. అన్నయ్య ఆఖరి రోజుల్లో ఎవరి గడపా ఎక్కకుండా, ఎవరికీ ప్రభువు పేరు చెప్పకుండా, "నేను చెప్తే ఆయనకి కూడా చెడ్డపేరు" అని నోరు కట్టేసుకున్న సంగతి చెప్పాను. నువ్వు రెండు చేతుల్తో మిషన్ తొక్కి... కాళ్లతో తొక్కి పిల్లల్ని పెంచింది చెప్పాను. చూడు, రాస్తుంటే తప్పులు పడుతున్నాయి. చెవిటివాడి ముందు అరుస్తున్నానని తెలిసే అరిచాను. ఓనరు కింద నుంచి పరిగెత్తుకొచ్చాడు.

వాడు నా పెదాలే చూస్తున్నాడు. పెదాలు చదవడం వాడికి సరిగ్గా రాదు కదా, ఎంత అర్థమైందో తెలియదు. నేను ఆయాసపడి ఆగాక, తన గొంతు తనకి వినపడని వాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు:

"మీ అన్న నాకు చెప్పాడు. బండి తియ్యమంది నేనే. నా ఉద్యోగం పోతుందని అబద్ధమాడాను. నాకు ఆ మాట చెప్పకమ్మా. చెప్పకపోవడమే న్యాయం."

కింద రోడ్డు మీద వాళ్లకి కూడా వినపడి ఉంటుంది. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మిషన్లు తీసుకోలేదు. రెండూ నా డ్రాయర్లో ఉన్నాయి.

మనం కోరుకున్నదే జరిగింది వదినా. ఒప్పుకున్నాడు. ఏ మంచి మాటా వినకుండా, అసలు ఏ మాటా వినకుండా ఇంట్లో కూర్చుని ఉంటాడు ఇప్పుడు. నువ్వెలా ఉండాలన్నావో అలాగే ఉన్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

నీ మరదలు

---

షాపు పై గది,
మంగళవారం

వదినా,

వారం దాటింది, నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తి "అమ్మ పనిలో ఉంది" అంటున్నారు. నాతో మాట్లాడకూడదనుకుంటే మాట్లాడకు, ఆ మాటైనా రాయి.

వాడు రాలేదు. వాడి తరఫున ఎవరూ రాలేదు. ఓనరు "అడ్రసు ఉంది కదా, తీసుకెళ్లి ఇచ్చెయ్" అంటున్నాడు. నేను వెళ్లను. వెళ్తే మళ్లీ అరుస్తాను, లేకపోతే చెప్పేస్తాను. రెండింటిలో ఏది చేసినా నీ మొహం చూడలేను. ఎల్లుండి గురువారానికి సెలవు పెట్టాను, తలనొప్పి తగ్గడం లేదు.

నీ మరదలు

---

ఇల్లు,
ఆదివారం సాయంత్రం

మరదలు పిల్లకి,

నీకు చెప్పకుండా వచ్చి వెళ్లాను. గురువారం నువ్వు సెలవులో ఉంటావని రాశావు కదా, అందుకే గురువారం వచ్చాను. నువ్వుంటే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేదానివి, పని జరిగేది కాదు. మీ ఓనరు మిషన్లూ, అడ్రసూ ఇచ్చాడు. "మీ మరదలే నయం" అని కూడా అన్నాడు. నేనేం అనలేదు ఆ మనిషిని, ఊరికే చూశాను అంతే.

ముందు అసలెందుకు వచ్చానో చెప్తాను. నీ ఉత్తరం చదివాక పండగలా ఉండాలి నాకు. ఒప్పుకున్నాడు, చెవిటివాడిగా కూర్చున్నాడు, నరకానికి పోతాడు. బాగుంది. మీ అన్న ఫొటో ముందు నిలబడి "పోతాడులే, శాశ్వతంగా పోతాడు" అన్నాను. అప్పుడు తట్టింది. నరకానికి పోతే వీడు మీ అన్న మొహం మళ్లీ చూడనక్కర్లేదు. మీ అన్న ఒకచోట, వీడు ఒకచోట. ఆ డిపో గేటు దగ్గర స్కూటరు దిగకుండా పోయినట్టే, ఇంకెప్పటికీ పక్క నుంచి పోతాడు. వీడు చివరికి కూడా తప్పించుకుంటాడు! మనమే తప్పిస్తున్నాం, నువ్వూ నేనూ కలిసి. ఇది తట్టాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. హాల్లో సెలవడిగి బస్సెక్కాను.

వాళ్లది పై అంతస్తు. కోడలు తలుపు తీసింది, నేనెవరో అడగలేదు. వాడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. లేవబోయి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. మిషన్లు అరచేతిలో పెట్టి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చాలాసేపటికి తీసుకుని పెట్టుకున్నాడు.

అప్పుడు వాడి వెనక్కి వెళ్లి నిలబడ్డాను, నువ్వు నిలబడినట్టే. వాడి మొహం నేను చూడక్కర్లేదు, నా మొహం వాడు చూడక్కర్లేదు.

"బ్రేకులు పట్టడం లేదని నా మొగుడు చెప్పాడు. అను" అన్నాను.

"మీ ఆయన చెప్పాడు."

"నా మొగుడు తాగలేదు. అను."

"తాగలేదు."

"గట్టిగా."

గట్టిగా అన్నాడు. కోడలు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పక్కింటి వాళ్ల తలుపు తెరుచుకుంది. ఇంకా గట్టిగా అనిపించాను. నాకు ఆ పూట చాలా బాగుంది, దాచుకోవడం ఎందుకు?

తర్వాత నువ్వు చెప్పని మాట నేను చెప్పాను. నీలాగా 'మీరు' అని గౌరవించలేదు. నా నోరు అంత మెత్తన కాదు.

"దేవుడికి నువ్వంటే ఇష్టం. నాకు కాదు."

వాడు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"మిషన్ పని చెయ్యడం లేదా?"

"చేస్తోందమ్మా."

"మరి అను."

"రెండోది అనగలను. మొదటిది నోటికి రావడం లేదు."

"నీ ఇష్టం కాదు. అనే దాకా ఇక్కడే నిలబడతాను" అన్నాను. నిలబడ్డాను కూడా. నేను ఎంతమందికో చెప్పాను ఈ మాట, ఎంతో ప్రేమగా, నవ్వు మొహంతో చెప్పాను. ఇంత కోపంగా ఎవరికీ చెప్పలేదు. పళ్లు బిగించి చెప్పాను. మళ్లీ చెప్పాను, మళ్లీ చెప్పాను. ఆఖరికి గొంతు సవరించుకుని అన్నాడు. "దేవుడికి నేనంటే ఇష్టం. మీకు కాదు."

ప్రభువు ఏం చేశాడో, ఎందుకు చనిపోయాడో, వీడు ఏం చెయ్యాలో మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. విన్నాడు. విని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"నేను అక్కడికొస్తే మీ ఆయన ఉంటాడు కదమ్మా?"

"ఉంటాడు. అందుకే రమ్మంటున్నాను."

"నాకు భయంగా ఉంది."

"భయపడు. భయపడుతూనే రా."

అంతే. వచ్చేశాను. కోడలు మెట్ల దాకా నా వెనకే వచ్చి "మీరెవరండీ?" అంది. "ఆ డ్రైవరు భార్యని" అన్నాను. వాడు నమ్ముతాడో లేదో నాకు తెలియదు. అది నా చేతుల్లో లేదు, నీ చేతుల్లోనూ లేదు. చెప్పడం వరకే మన పని అని నీకు నేనే నేర్పాను కదా.

శుక్రవారం పక్క మిషన్ ఆవిడని పిలిచి కూర్చోబెట్టాను. ఎన్నాళ్లగానో చేస్తానని చెయ్యని ప్రార్థన చేశాను. నన్ను వింతగా చూసింది. నువ్వు నాకు మరదలివి కావని రాసిన ముక్క ఉంది చూడు, ఆ కాగితం చింపెయ్.

వాడి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ప్రేమతో అనుకునేవు, కాదు. వాడు రక్షణ పొందాలి, అక్కడికి రావాలి, మీ అన్న ముందు నిలబడాలి. మీ అన్న వాడిని ఏం చేస్తాడో ఆయన ఇష్టం. నాకు తెలిసినంతలో ఏమీ చెయ్యడు, పక్కన కూర్చోబెట్టుకుని కష్టం అడుగుతాడు, అది తలుచుకుంటే నాకు ఇంకా మంట. అయినా అడుగుతున్నాను. మానితే తప్పించుకుంటాడని అడుగుతున్నాను. నిన్న మాత్రం అడుగుతూ అడుగుతూ, "వాడి మోకాళ్ల నొప్పి కూడా తగ్గించు ప్రభువా, మెట్లున్న ఇల్లు" అనేశాను. నోరు జారింది. లేచి దీపం వేశాను. వెనక్కి తీసుకుందామని మళ్లీ మోకరించాను కానీ, ఎలా వెనక్కి అడగాలో తెలియలేదు.

వదిన